రిస్కు మాదేనని రాసివ్వం

సింగరేణి యాజమాన్యానికి, జిల్లా యంత్రాంగానికి, రోడ్లు వేసేవారికి, వాటి మీద టోలు తీసుకునేవారికి, బందోబస్తు చూసేవారికి మందమర్రి నుంచి కొందరు సైకిల్ మిత్రులు రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

మీలో ఒకరు మమ్మల్ని ఓ కాగితం రాసిమ్మన్నారు. ఆయన ఎవరో, ఏ ఆఫీసో ఇక్కడ చెప్పం. అన్నది ఒక్కరే అయినా ఆ ఆలోచన చాలా ఆఫీసుల్లో పాతుకుపోయిందని మా నమ్మకం. ఒకరి పేరు బయటపెడితే మిగతావాళ్లు హాయిగా తప్పుకుంటారు. కాగితంలో ఉండాల్సింది ఇది: "మందమర్రి నుంచి హైదరాబాద్ దాకా మా ఇష్టపూర్వకంగా సైకిళ్ల మీద పోతున్నాము. దారిలో ఏం జరిగినా పూర్తి బాధ్యత మాదే. ఏ శాఖకూ సంబంధం లేదు." కింద అందరి సంతకాలు, ఆధార్ జిరాక్సులు.

మేం రాసివ్వలేదు. రాసివ్వబోం కూడా. అది పొగరు కాదు. కారణాలున్నాయి, ఓపిగ్గా వినండి.

అసలు మేం పర్మిషన్ కోసం మీ దగ్గరికి రాలేదు. సైకిల్‌కు లైసెన్సు లేదు, పర్మిట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. మోటారు వాహనాల చట్టం లెక్కలో అది మోటారు బండే కాదు. ఈ దేశంలో ఓ ఊరి నుంచి మరో ఊరికి తొక్కుకుంటూ పోయే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిందే. జబ్బు పిల్లల కోసం చందాలు జమ చేస్తూ ఫలానా రోజు, ఫలానా దారిలో పోతున్నామని ముందుగా చెప్పి, రెండు మూడు చోట్ల చిన్న సాయం అడుగుదామని వచ్చాం. చెప్పాపెట్టకుండా పోయి ఉంటే ఆపేవాడు లేడు. చెప్పి పోదామన్న మర్యాదకు మాకు దక్కింది ఆ కాగితం.

దాంతోపాటు ఓ సలహా కూడా దక్కింది. "అంత దూరం సైకిళ్ల మీద ఎందుకయ్యా? పైసలు జమ చేసి, బస్సుల పోయి ఇచ్చి రారాదు?" ఈ మాట కోపంతో అన్నది కాదు, జాలితో అన్నది. అందుకే ఇంకా గట్టిగా జవాబు చెప్పాల్సి వస్తోంది.

ముందు పైసలు ఎవరికో చెప్పాలి. తలసేమియా మేజర్ ఉన్న బిడ్డ ఒంట్లో పనికొచ్చే రక్తం చాలినంత తయారు కాదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి బయటి రక్తం ఎక్కించాల్సిందే. ఏడాదో రెండేళ్లో కాదు, ఏళ్ల తరబడి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. దాన్ని బయటికి పంపడానికి రోజూ మందు వాడాలి. మాలో ఒకామె మెడికల్ షాపు నడుపుతుంది. ఆ మందు చీటీ పట్టుకొచ్చే తల్లులు ఆమెకు ముఖపరిచయం. కొందరు షీటు మొత్తం కొనలేక, కత్తెరతో కత్తిరించి ఐదు గోలీలు ఇమ్మంటారు. ఐదు రోజుల తర్వాత మళ్లీ వస్తారు, కొన్నిసార్లు పది రోజులకు వస్తారు. నడుమ ఐదు రోజులు ఏం చేశారని ఆమె అడగదు.

తల్లీతండ్రీ ఇద్దరూ తలసేమియా లక్షణం మోసేవాళ్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. పెళ్లికి ముందో, కడుపుతో ఉన్న తొలి నెలల్లోనో హెచ్‌బీఏ2 పరీక్ష చేయిస్తే బయటపడే సంగతి ఇది. ఉమ్మడి ఆదిలాబాద్ గూడేల్లో దీనికి తోడు సికిల్‌సెల్ అనే రక్తవ్యాధి ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ రెండింటినీ వైకల్యాల జాబితాలో చేర్చింది. సికిల్‌సెల్‌ను 2047 నాటికి లేకుండా చేస్తామని కేంద్రం 2023 జులై 1న ఓ మిషన్ మొదలుపెట్టింది. కాగితాల మీద లోటేమీ లేదు. లోటు బ్లడ్‌బ్యాంకు ఫ్రిజ్‌లో ఉంటుంది. ఎండలు ముదిరి కాలేజీలకు సెలవులిస్తే క్యాంపులు ఆగిపోతాయి. నిల్వ ఉంచిన ఎర్రకణాల ఆయువు 42 రోజులకు మించదు కనుక ఫిబ్రవరిలో ఇచ్చిన రక్తం మే నెల బిడ్డకు అక్కరకు రాదు.

ఈ పిల్లల కోసం 1998 నుంచి హైదరాబాద్‌లో తలసేమియా అండ్ సికిల్‌సెల్ సొసైటీ పనిచేస్తోంది. మేం జమ చేసేదాంట్లో కొంత అక్కడికి, కొంత మన దగ్గరి పిల్లల మందులకు. మంచిర్యాలలో రైలెక్కి బిడ్డను ఒళ్లో పెట్టుకుని వాళ్లు పోయే హైదరాబాద్‌కే మేం రోడ్డు మీద పోతున్నాం.

ఇక సైకిలే ఎందుకు? మీలో చాలామందికి చందా అంటే స్టేజీ, శాలువా, పెద్ద చెక్కు పట్టుకుని దిగిన ఫొటో. మా బొగ్గు గనుల కోల్‌బెల్ట్‌లో చందా అట్లా రాలదు. ఇక్కడ మస్టర్ (హాజరు) పడితేనే జీతం. ఎదుటివాడు చెమటోడుస్తున్నాడంటేనే జేబులో చెయ్యి పెట్టే జనం ఇది. "నువ్వు హైదరాబాద్ దాకా తొక్కితే కిలోమీటరుకు ఇంత ఇస్త" అని షిఫ్టులో తోటివాడు పందెం కాస్తాడు. చాయ్ హోటలాయన కాస్తాడు, బార్బర్ కాస్తాడు, కూరగాయల మార్కెట్‌లో కూర్చునే అవ్వ కూడా "నా తరపున పది కిలోమీటర్లు తొక్కు బిడ్డా" అంటుంది. బస్సు ఎక్కి పోతామంటే ఈ పందెం ఎవరు కాస్తారు?

ఇది మేం కనిపెట్టిన ఉపాయం కాదు. అమెరికాలో బిల్లీ స్టార్ అనే ఆయన తల్లిని క్యాన్సర్‌కు పోగొట్టుకుని, 1980లో మిత్రులను పోగేసి మసాచుసెట్స్ రాష్ట్రానికి అడ్డంగా సముద్రపు కొస దాకా సైకిళ్లు తొక్కించాడు. బయలుదేరింది 36 మంది. ఆ ఏడు జమైంది పదివేల పైచిలుకు డాలర్లు. పాన్ మాస్ ఛాలెంజ్ అని పేరు పడిన ఆ యాత్ర ఏటేటా సాగి, బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు ఇప్పటిదాకా ఇచ్చింది వంద కోట్ల డాలర్లు దాటింది. మొదటి ఏడాదే "రిస్కు మీదే" అని కాగితం రాయించుకుని భయపెట్టి పంపేస్తే ఏమయ్యేది?

అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌కు చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాడు. ఒంటికాలితో తొక్కడం నేర్చుకుని 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రజతాలు గెలిచాడు. ఆయన పెట్టిన ఫౌండేషన్ ఇన్ఫినిటీ రైడ్ పేరుతో దూరయాత్రలు చేస్తుంది, వచ్చిన నిధులతో వికలాంగ క్రీడాకారులకు శిక్షణ, పరికరాలు ఇప్పిస్తుంది. 2020 చివర్లో ఆ బృందం బీఎస్‌ఎఫ్ తోడుగా కశ్మీర్ నుంచి కన్యాకుమారికి తొక్కింది. అందులో కాళ్లు లేనివాళ్లున్నారు. రెండు కాళ్లూ ఉన్న మేం రెండున్నర వందల కిలోమీటర్లు పోతామంటే మీకు సాహసంలా కనిపిస్తోందా? ఆడాక్స్ పేరుతో దూరాలు తొక్కే సైక్లిస్టులు దేశమంతటా 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల గడువులో, 600 కిలోమీటర్లు 40 గంటల గడువులో పూర్తి చేస్తుంటారు. మేం అంత మొనగాళ్లం కాదు. ఊరూరా ఆగుతూ, రక్తదానం మాట చెప్పుకుంటూ నింపాదిగా పోతాం.

ఇప్పుడు కాగితం సంగతి.

మాలో అందరికన్నా పెద్దాయన రిటైరైన మైనింగ్ సర్దార్. ఆఫీసు మెట్లు దిగుతూ ఆయన అన్న మాట: "గిన్నేండ్లు బొగ్గుబాయి దిగిన. ఒక్కనాడన్న రిస్కు నాదే అని రాసియ్యమన్నరా?"

ఎవరూ అనలేదు, అనడానికి వీల్లేదు గనుక. కార్మికులు పనిలోకి దిగకముందే సర్దారు పనిస్థలానికి పోతాడు. గ్యాస్ ఉందేమో చూస్తాడు. కర్రతో పైకప్పును తట్టి, చప్పుడు వింటాడు. గట్టి బండ ఒక తీరుగా పలుకుతుంది, లోపల వదులైన బండ డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగితే ఆ జాగాలోకి మనిషిని పంపడు. వదులు బండను దింపించి, బోల్టులు వేయించి, మళ్లీ తట్టి చూశాకే లోపలికి రమ్మంటాడు. ఆయన బాయి దిగిన కాలంలో ఆ కర్ర వెనక 1952 గనుల చట్టం ఉండేది. గనిని భద్రంగా నడిపే బాధ్యతను అది యజమాని మీద, ఏజెంటు మీద, మేనేజర్ మీద పెట్టింది. అంతకు ముందే, తెల్లవాడి కాలంలో వచ్చిన 1923 నష్టపరిహార చట్టం 17వ సెక్షన్ ఇంకో మాట తేల్చింది. "నాకేమైనా అయితే పరిహారం అడగను" అని కార్మికుడి చేత రాయించుకున్న ఒప్పందం చెల్లదని. వందేళ్ల కిందట బాయి దగ్గర చెల్లని కాగితాన్ని ఇప్పుడు బాయి గేటు బయట రోడ్డు మీద మా చేత రాయించుకుంటారా?

రోడ్డుకు వేరే చట్టం ఉందంటారేమో. ఉంది, అదీ మీ వైపు లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 198ఎ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్ చేసినవారు, వేసినవారు, నిర్వహించేవారు భద్రతా ప్రమాణాలు పాటించక, దాని వల్ల మనిషి చనిపోతే, అవిటివాడైతే లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలని అందులో ఉంది. లక్ష చాలా చిన్న మొత్తం, అది వేరే సంగతి. బాధ్యత ఎవరిదో మాత్రం చట్టం తేల్చేసింది. అదే సవరణ 138వ సెక్షన్‌కు 1ఎ ఉపసెక్షన్ చేర్చింది. పాదచారులకూ, మోటారు లేని బండ్లకూ రోడ్ల మీద చోటు ఎట్లా ఉండాలో రాష్ట్రాలు నియమాలు చేయవచ్చని చెప్పింది. సైకిల్ దారులు ఎంత వెడల్పుతో, ఎట్లా వేయాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం 1962 నుంచే ఉంది. 2015లో దాన్ని కొత్తగా రాసి ఇచ్చారు కూడా. ఆ పుస్తకం మీ ఆఫీసు బీరువాల్లో ఉండే ఉంటుంది. ఎవరైనా తెరిచి చూశారా?

మీరు ఓసారి పొద్దున షిఫ్టు వేళకు కారు దిగి మా రోడ్ల అంచున నిలబడాలి. ఓపెన్‌కాస్టు గని నుంచి రైల్వే సైడింగ్‌కు బొగ్గు టిప్పర్లు, రామగుండం వైపు బూడిద ట్యాంకర్లు, గోదావరి, మానేరు ఇసుక లారీలు. ఇసుక లారీ నుంచి నీళ్లు కారుతుంటాయి. ఆ తడికి బొగ్గు పొడి కలిసి తారు మీద నల్లటి జారుడు పేస్టులా పరుచుకుంటుంది. మలుపుల్లో పట్టా సరిగ్గా కప్పని టిప్పర్ నుంచి పిడికెడంత బొగ్గు పెళ్లలు జారి, సరిగ్గా సైకిల్ పోయే అంచున పడి ఉంటాయి. తెల్లగీత ఉన్నచోట దుమ్ము కింద ఉంటుంది, లేనిచోట లేనే లేదు. తారు అంచుకూ పక్కమట్టికీ మధ్య కొన్నిచోట్ల జానెడు దిగుడు. పెద్ద బండి పక్కనుంచి పోయేటప్పుడు ముందు దాని గాలి మనల్ని బయటికి నెడుతుంది, బండి దాటిపోయాక లోపలికి గుంజుతుంది. ఆ రెండో గుంజుడుకు హ్యాండిల్ దానంతటదే రోడ్డు నడుమకు తిరుగుతుంది. ఆ క్షణంలో పక్కకు దిగడానికి జాగా ఉంటే బతుకుతాం. జాగా ఉంచడం ఎవరి పని? "రోడ్డు దిగి తొక్కండి" అని కూడా మీరే అన్నారు కదా, ఎక్కడికి దిగాలో చెప్పండి.

డ్రైవర్లను మేం తిట్టడం లేదు. ట్రిప్పుల లెక్కన బతికే మనిషి నెమ్మదిగా పోవాలంటే ట్రిప్పుల లెక్కే మారాలి. ఆ లెక్క రాసేది ఆయన కాదు.

ఈ దారిలో ఒకప్పుడు సైకిళ్లే రాజ్యమేలాయి. బాయి సైరన్ కూయగానే కాలనీల నుంచి వందల సైకిళ్లు. హ్యాండిల్‌కు టిఫిన్ గిన్నె, వెనక క్యారియర్‌కు ట్యూబు ముక్కతో కట్టిన బట్టల మూట, రాత్రి షిఫ్టుకైతే గిర్రుమనే డైనమో లైటు. ప్రతి బాయి దగ్గరా సైకిల్ స్టాండు ఉండేది. సింగరేణిలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య తగ్గుతూ తగ్గుతూ నలభై వేల దగ్గరికి వచ్చింది. ఆ సైకిళ్లు పోయి మోటారు సైకిళ్లు, కార్లు వచ్చాయి. అవి కొన్నవాళ్ల మీద మాకేం అసూయ లేదు, కష్టపడి కొనుక్కున్నారు. అయినా సైకిల్ పూర్తిగా పోలేదు. కాంట్రాక్టు కార్మికుడు ఇంకా దాని మీదే వస్తున్నాడు. పాలు పోసే ఆయన, బడిపిల్ల, ఇళ్లల్లో పనికిపోయే ఆమె దాని మీదే పోతున్నారు. మేం ఒక్కసారి హైదరాబాద్ పోయి వచ్చేవాళ్లం. వాళ్లు రోజూ ఆ పేస్టు మీద తొక్కుతున్నారు. వాళ్ల దగ్గర కూడా కాగితం రాయించుకుంటారా? మమ్మల్ని పొడుస్తున్న ప్రశ్న అసలు ఇదే.

హైదరాబాద్‌లో మీకన్నా పై అధికారులు ఏం చేశారో చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, నెత్తిన సోలార్ పలకలతో కప్పు కట్టి, 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, లైట్లు, ఎండ తగలకుండా నీడ, కరెంటు ఉత్పత్తి. మంచి పనే, మెచ్చుకోవాలి. ఐటీ ఉద్యోగి వ్యాయామానికి నీడ కావాల్సిందే. మరి ఆయన కంప్యూటర్‌కు కరెంటు పంపే ఈ ప్రాంతం మాటేమిటి? రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లకూ, జైపూర్‌లో సింగరేణి సొంత 1,200 మెగావాట్లకూ బొగ్గు మన నేల నుంచే పోతుంది. ఏడాదికి ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసే సంస్థ పరిధిలో, మేం అడుగుతున్నది కప్పూ కాదు, లైట్లూ కాదు. రోడ్డు అంచున గజమున్నర జాగా, ఓ తెల్లగీత.

పైసలు లేవనకండి. ఖనిజాల మీద రాయల్టీకి అదనంగా గనుల లీజుదారులు కట్టే సొమ్ముతో జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టులు 2015 నుంచి ఉన్నాయి. పాత లీజులకైతే రాయల్టీ మీద 30 శాతం. గనుల వల్ల నష్టపోయిన జనం కోసమే ఆ సొమ్ము. తాగునీరు, వైద్యం, చదువు మొదటి వరసలో ఉన్నాయి, రోడ్ల వంటివి రెండో వరసలో ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. బొగ్గు కంపెనీ ఆ సొమ్ముతో ఏం చేయగలదో కోల్ ఇండియా చూపించింది. 2017లో తలసేమియా బాల సేవా యోజన పెట్టి, మూలుగ మార్పిడికి ఒక్కో బిడ్డకు పది లక్షల దాకా సాయం చేస్తోంది. సింగరేణి కోల్ ఇండియాలో భాగం కాదు, తెలుసు. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అంటే వందకు వంద జనానిదే. కోల్ ఇండియా చేసినదాన్ని సింగరేణి మన జిల్లాల పిల్లల కోసం తన పేరుతో చేస్తే కాదనేదెవరు? ఆ రోజు మా సైకిళ్లు ఇంట్లోనే పెట్టుకుంటాం.

ఇంకో మాట మొహమాటం లేకుండా అడగాలి. ఇదే రోడ్డు మీద రాజకీయ నాయకులు సైకిల్ యాత్రలు చేశారు, చేస్తున్నారు. ముందు పైలట్ జీపు, వెనక అంబులెన్సు, చౌరస్తాలో ట్రాఫిక్ ఆపే హోంగార్డులు. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినం వస్తే ఆఫీసర్లు కొత్త టీషర్టులు వేసుకుని ఊళ్లో ఓ చుట్టు తిరిగి, ఫ్లెక్సీ ముందు ఫొటో దిగుతారు. ఆ రోజు ఎవరైనా "రిస్కు మాదే" అని రాసిచ్చారా? మా వెంట కార్యకర్తలు లేరు, మా చేతిలో జెండా లేదు. మాకు సైకిల్ ఏ పార్టీ గుర్తూ కాదు (ఈ మాట రెండు ఆఫీసుల్లో విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది, నవ్వుకోండి). జెండా లేనివాడి ప్రాణం వాడి సొంత పూచీ మీద ఉండాలా?

మేం మా వంతు పని చేసుకుంటున్నాం. చీకటిపడ్డాక తొక్కం. అందరికీ హెల్మెట్లు, వెనక ఎర్రలైట్లు, మెరిసే జాకెట్లు. మాలో ఎలక్ట్రీషియన్ ప్రతి సైకిల్‌కూ బ్రేకులు, చైను, పుల్లలు చూసి, బెండు తీసి ఇచ్చాడు. ఇద్దరికి సైకిల్ మార్చుకుంటే తప్ప రావద్దని చెప్పాడు కూడా. ఒకరి వెనక ఒకరం పోతాం. డిసెంబరులో గోదావరి వంతెన మీద పొగమంచు దట్టంగా ఉంటుంది కనుక ఇందారం దగ్గర ఆగి, తెరిపిచ్చాకే వంతెన ఎక్కుతాం. బాధ్యత అన్న మాటకు మేం దూరం కాదు. మా చేతిలో ఉన్నదానికి మేం బాధ్యులం. బొగ్గు పెళ్లలకూ, చెరిగిపోయిన గీతకూ, దిగుడుపడ్డ అంచుకూ మేం ఎట్లా బాధ్యులమవుతాం?

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. మందమర్రి నుంచి గోదావరిఖని దాకా బొగ్గు బండ్లు తిరిగే మలుపుల్ని మేం బయలుదేరే వారం ఊడ్పించండి. ఊడవడం అలవాటైతే ఆ తర్వాతా ఆపకండి. పట్టా లేని బండిని గేటు దాటనివ్వకండి. ఇది సైకిళ్ల కోసం మాత్రమే కాదు, రోడ్డు పక్క ఇళ్లవాళ్ల ఊపిరితిత్తుల కోసం కూడా. రాజీవ్ రహదారి మీద బసంత్‌నగర్, రేణికుంట, దుద్దెడ టోల్‌గేట్ల దగ్గర మాకు నీళ్లు, మరుగుదొడ్డి వాడుకునే వీలు, అంబులెన్సు నంబరు ఇవ్వండి. రోడ్ల శాఖవారు ఈ ఏడాది తారు వేసే ప్రతి కిలోమీటరులోనూ అంచు మట్టిని రోడ్డు ఎత్తుకు తేవాలని కాంట్రాక్టులో రాయండి, రాసి కొలిపించండి. గనుల దగ్గర ఒక్కరోజు రక్తదాన శిబిరం పెట్టడానికి యాజమాన్యం, యూనియన్లు కలిసి జాగా, షిఫ్టు వేళ సర్దుబాటు చేయండి. రక్తం తీసే మంచాలు, డాక్టర్లు బ్లడ్‌బ్యాంకు నుంచి వస్తారు, వాళ్లకు కావాల్సింది ఓ హాలు, ఫ్యాన్లు. పోలీసువారు మాకోసం ట్రాఫిక్ ఆపనక్కర్లేదు. లారీ యజమానులను పిలిచి, సైకిల్‌ను దాటేటప్పుడు బండి వెడల్పంత ఎడం ఇమ్మని ఒక్కసారి చెప్పండి, చాలు.

ఇందులో కొత్త జీవో కావాల్సినవి ఒకటి రెండు కూడా లేవు. చాలామటుకు మీ డ్యూటీ పుస్తకంలో ఉన్నవే.

సింగరేణి కాలరీస్ 1920 డిసెంబరు 23న ఏర్పడిందని ఏటా ఆ రోజున ఉత్సవాలు చేస్తారు. మేమూ ఆ రోజే బయలుదేరుతున్నాం. మంచిర్యాల, ఇందారం, గోదావరిఖని, పెద్దపల్లి, సుల్తానాబాద్, కరీంనగర్, సిద్దిపేట, ప్రజ్ఞాపూర్, శామీర్‌పేట మీదుగా హైదరాబాద్. జెండా ఊపడానికి మీరెవరూ రానక్కర్లేదు. రావాలనిపిస్తే సైకిల్ తెచ్చుకుని, కనీసం మంచిర్యాల దాకా మాతో తొక్కండి. రోడ్డు ఎట్లా ఉందో ఫైలు కన్నా హ్యాండిల్ బాగా చెబుతుంది.

కోల్‌బెల్ట్ జనానికి ఒక మనవి. మా కోసం పూలదండలు తేకండి, పైసలు ఎంతివ్వాలో మీ ఇష్టం. రక్తం మాత్రం ఇవ్వండి. పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోలకు తగ్గని బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవారెవరైనా ఇవ్వచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. శిబిరం పెట్టిన ఒక్కరోజే కాదు, ఏప్రిల్, మే నెలల్లో కూడా గుర్తుపెట్టుకుని రండి. రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేకుండా, పరగడుపున రాకండి. తిని, కాసేపు పడుకుని రండి.

ఇట్లు,
మందమర్రి నుంచి బయలుదేరుతున్న సైకిల్ మిత్రులు